నడుమ వేసిన టాకా

మా వదిన పోయిందని దవాఖాన నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఊపిరి కోసం ఆమె పడ్డ యాతన ముగిసింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు.

సమాధి చేసి వచ్చాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో మాత్రం ఆమె నోట కఠినమైన మాటే రాలేదని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. వాళ్ళలో ఎవరూ ఆమె బొంత కుడుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళు కాదు. నేను కూర్చున్నాను. రిటైరయ్యాక నా చదువు ఎవరికీ అక్కర లేకపోయినా, ఆమె నాతో పత్రిక చదివించుకునేది, సూదికి దారం ఎక్కించమనేది. "ఏందయ్యా, గిన్ని పుస్తకాలు సదివినవ్, సూదిల దారం ఎక్కదా?" అని నవ్వేది.

ఆమె బొంతల నడుమ పెద్ద నక్షత్రం ఉండేది. ఎనిమిది ఏటవాలు ముక్కలు, మొనలన్నీ ఒక్కచోట. పిల్లల బొంతలకు నక్షత్రాన్ని వేరే గుడ్డ మీద పరిచి, అంచులు మడిచి కుట్టేసేది. ఎన్నిసార్లు ఉతికినా చెదరదు. పెద్దవాళ్ళ బొంతకు ముక్కకు ముక్క కలిపే కుట్టేది. అది పలచగా, మెత్తగా ఉంటుంది. కానీ ఏటవాలు గుడ్డ సాగి, నడుమ బుడిపె లేస్తుంది. అందుకే కుట్టయ్యాక గచ్చు మీద పరిచి, సరిగ్గా నడుమ నిండు చాయ్ గ్లాసు పెట్టేది. ఒలికితే విప్పడమే.

చివరి బొంత, చనిపోయిన మా అన్న డ్యూటీ ఖాకీలతో మొదలుపెట్టింది. ఆయన బట్టల్లో మిగిలినవి అవే. ఆమె కోడలు ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది.

"పాతబట్ట అత్తా, విప్పితే పిగిలిపోతది. కింద గుడ్డ పరిచి మిషన్ మీద కుట్టేద్దాం" అంది.

"నీ మిషనుకో దండం. గట్టిగైతది. కప్పుకుంటే మీ మామ తగలాలె గని అట్ట తగులుడేంది?"

నక్షత్రం రెండు సగాలూ అయ్యాయి. వాటిని కలిపే కుట్టు మిగిలిపోయింది. దవాఖానలో మాస్కు జరిపి అడిగింది: "మిషనెక్కిచ్చిన్రా?"

"లేదు వదినా."

"ముందు నడుమ టాకా ఎయ్యమను. అటెన్క అటు ఇటు పొమ్మను."

నాతో అన్న చివరి మాట ఆ ఒక్క కుట్టు గురించే.

కూడికలో గట్టిగా ఏడ్చిన బంధువులే భోజనాలయ్యాక ఆ సగాలు తీశారు. గుర్తుగా చెరొకటి తీసుకుంటారట! ఒక్కరూ ఆమెను చూడ్డానికి దవాఖాన మెట్లెక్కలేదు. నేను నోరు తెరిచేలోగా కోడలు లాక్కుంది.

"ఎవ్వలకియ్య. గిది ఒక్కటే బొంత."

సగాలతో ఆమె మిషన్ వైపు నడిచింది. వద్దని చెప్పడానికి నేను లేచాను. ఆమె మిషన్ సొరుగులోంచి సూది తీసుకుని గచ్చు మీద కూర్చుంది.

"చిన్నమామా, దారం ఎక్కియ్యి."

ఎక్కించాను. ముందు నడుమ టాకా వేసింది. అక్కడి నుంచి ఒక అంచుకు, మళ్ళీ అక్కడి నుంచి రెండో అంచుకు కుట్టింది. గుడ్డ పిగల్లేదు. అరచేత్తో సాపు చేసి, లేచి చాయ్ పెట్టుకొచ్చి, నిండు గ్లాసు సరిగ్గా నడుమ పెట్టింది.

గ్లాసు కదల్లేదు, చుక్క ఒలకలేదు. దాన్ని ఎత్తడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. ఖాకీ నక్షత్రం నడుమ, నిండు చాయ్ మీద మెల్లగా మీగడ కట్టింది.