కుడివైపు సీటు

మా మేనత్త పోయి తొమ్మిది రోజులైంది. ఈ తొమ్మిది రోజుల్లో మా ఇంట్లో నన్ను రెండుసార్లు తప్పుగా అర్థం చేసుకున్నారు. మొదటిది కబురు తెలిసిన రోజు. ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే నాన్న ఫోను చేశాడు. "బిడ్డా, అత్త పోయింది. దవాఖానకు తీస్కపోయేలోపే..." అన్నాడు. ఇంటర్వ్యూ మానేసి ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంటే, ఉద్యోగం రాలేదని ఏడుస్తున్నాననుకుంది అమ్మ. రెండోది నిన్న. మామ అడిగిన కాగితం రాయనన్నాను. చచ్చిపోయిన మనిషి పరువు తీస్తున్నానట. చదువుకున్న పొగరట. వాళ్లకు సర్దిచెప్పే ఓపిక నాకు లేదు. మీకు మాత్రం మా అత్త గురించి చెప్పాలనిపించింది.

నాచారంలో మామకు కార్ల సీట్లు కుట్టే షాపు ఉంది. ముందు గదిలో మామ. వెనక గదిలో కుట్టుమిషను, దాని ముందు అత్త. వచ్చినవాళ్లకు కనబడేది మామే. పాత ఇంగ్లండు కార్లు, రెండే సీట్లుండే ఆ పొట్టి స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, "ఈ సీట్లు కారుతో వచ్చినవేనా, మధ్యలో ఎవరైనా మార్చారా?" అని అడిగేవారు. మామ పెద్దమనిషిలా, "చాయ్ తాగున్రి సార్, జర సూసి చెప్త" అని సీటును వెనక గదిలోకి మోయించేవాడు. చూసేది అత్త. చెప్పేది మామ.

"మీ మామది నోరు, నాయి కండ్లు. ఇద్దరం గలిస్తె ఒక్క మేస్త్రి" అని నవ్వేది అత్త.

డిగ్రీ రోజుల్లో ఇంట్లో కాలు నిలవక ఆ వెనక గదికి పోయేదాన్ని. అత్త ఏ సీటునూ మొదట ముందువైపు చూసేది కాదు. "మొకం జూస్తె ఏం తెలుస్తదే కోడలా, బోర్లించు" అనేది. ఇద్దరం పట్టి బోర్లించేవాళ్లం. అడుగు చెక్క మీద, తోలు బిగించిన చిన్న మేకుల బొక్కలు ఒకే వరుసలో ఉంటే ఆ సీటును ఫ్యాక్టరీ తర్వాత ఎవరూ విప్పలేదన్నమాట. రెండు వరుసలుంటే ఎవరో విప్పి మళ్లీ కొట్టారు. తర్వాత లోపలి పీచు వాసన చూసేది. బొటనవేలి గోరు ఆనించి, ఆ గోరు వెడల్పులో ఎన్ని కుట్లు పడ్డాయో పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది.

ఒకసారి నిగనిగలాడే సీటు వచ్చింది. ముందు, వెనక, పక్కలు అన్నీ తోలే. "ఇది మాత్రం పక్కా ఒరిజినల్ అత్తా" అన్నాను.

"నీ మొకం. కూసునే కాడ్నే తోలు, పక్కలకు రెగ్జిను. ఆ కంపెనోళ్లు గట్లనే ఏసేటోళ్లు. అసలుకన్న మంచిగున్నదంటె అది అసలుది గాదు."

ఆ మాట నాకు సీట్ల దగ్గర కంటే పెళ్లిచూపుల్లో ఎక్కువ పనికొచ్చింది.

మల్కాజిగిరి నుంచి ఒక డాక్టరుగారు వచ్చేవారు. ఆయన కారు కుడి సీటును, అంటే నడిపేవాళ్ల సీటును, షెడ్డులో ఎలుకలు కొరికేశాయి. ఎడమ సీటును చూసి, అడుగు చెక్కతో సహా కుడిది కొత్తగా చేసింది అత్త. ఆమె కుడుతుంటే పక్కన పీచు చిక్కు తీసింది నేనే. పనయ్యాక డాక్టరుగారు, "కొత్తదని తెలియకుండా కొంచెం గీకి పాతదానిలా చేస్తే బాగుంటుంది" అని మామతో అన్నారు. తెర వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. "అరగదీసుడు నా పని గాదు డాక్టర్ సాబ్. మీరే కూసోని అరగదీయున్రి."

అడుగు మూసేముందు, ఎలుకలు కొరికిన పాత తోలులో అరచేతంత ముక్క కోసి, లోపల చెక్కకు మేకులతో కొట్టింది.

"ఎవరు చూస్తారత్తా?"

"ఎవలో ఒకలు ఎన్నడో ఇప్పుతరు గద. ముందు ఏముండెనో, నేనేం జేసిననో ఆళ్లకు తెల్వాలె."

సీటు బిగించాక, ఎలా ఉందో కూర్చుని చూడమన్నారు డాక్టరుగారు. అత్త కారు తలుపు బయట చెప్పులు విప్పి, లోపల కూర్చుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపు చూసింది.

"ఏందే, నారపల్లి దాక పోయొస్తవా?" అన్నాడు మామ.

"పోత. నువ్వు గేటు తెరువు" అంది.

మామ తెరవలేదు. ఆమె దిగి చెప్పులు వేసుకుని మిషను దగ్గరికి పోయింది.

ఐదేళ్లయింది. డాక్టరుగారికి ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు, కారు అమ్మేస్తున్నారు. రెండు సీట్లూ కారుతో వచ్చినవేనని షాపు తరఫున కాగితం కావాలన్నాడు కొనే మనిషి. మొన్న కారు తెచ్చి నిలబెట్టి, "ఏది పాతదో, ఏది మీ అత్త చేసిందో నాకే తెలియడం లేదమ్మా" అన్నారు డాక్టరుగారు. నిజమే. ఆయన ఎక్కి దిగిన చోట కుడి సీటు అంచు అరిగిపోయి ఉంది.

నిన్న మామ కాగితం నా ముందు పెట్టాడు. "రాయ్ బిడ్డా, రెండూ ఒరిజినలే అని. మీ అత్త పని గంత గొప్పది. ఎవ్వడు గుర్తువట్టలేడు. గదే ఆమెకు ఇజ్జత్."

"ఎవ్వరూ గుర్తుపట్టకపోతే ఆమె చేసినట్టు ఎట్లా తెలుస్తది మామా?"

"దినాలన్న గాలె. గప్పుడే నాతోని కొట్లాటనా?" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన అబద్ధాలకోరని నేననుకోవడం లేదు. పొగడటం ఆయనకు అంతవరకే వచ్చు. "మామకు గిరాకి పోతది బిడ్డా" అన్నాడు నాన్న. "నాలుగు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది?" అంది అమ్మ. రాయనని చెప్పి పోయి పడుకున్నాను.

ఈ ఉదయం షాపుకు పోయి బోల్టులు విప్పి, రెండు సీట్లనూ వెనక గదిలో బోర్లించాను. ఒక్కదాన్నే పట్టేసరికి నడుము పట్టేసింది. రెండింటికీ మేకుల బొక్కలు ఒకే వరుస. అడుగు గుడ్డ కొంచెం లేపి చూస్తే, ఎడమదాంట్లో ఉత్త చెక్క. కుడిదాంట్లో ఎలుకలు కొరికిన తోలు ముక్క అలాగే ఉంది. మిషను సూదిలో అత్త ఎక్కించిన దారం ఇంకా ఉంది. దాన్ని తీయలేదు.

కాగితం అక్కడే రాశాను. ఎడమ సీటు కారుతో వచ్చింది. కుడి సీటు మా మేనత్త చేసింది. ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాశాను.

మామ సంతకం పెట్టనన్నాడు. నేను పెట్టాను.