స్ట్రీమింగ్‌కు ఐదు మార్కులు

పోయిన నెలలో ఒక శనివారం మా మరదలు పామిడి నుంచి ఫోన్ చేసి, "వదినా, కంప్యూటరు లేస్తాలేదు" అంది. అది మా తమ్ముడి కంప్యూటరు. చచ్చింది, పోయింది లాంటి మాటలు మా ఇంట్లో యంత్రాలకు కూడా వాడడం మానేసి నాలుగేళ్లవుతోంది కాబట్టి, ఆ పిల్ల అలా నిద్రపోతున్న మనిషిని గురించి చెప్పినట్లు చెప్పింది. తమ్ముడు పోయాక వాడి పెళ్లి వీడియోల స్టూడియో తనే నడుపుతోంది. ఎడిటింగ్ కూడా తనే నేర్చుకుంది. మరుసటి రోజు ఆ డబ్బాను ఆటోలో, ఆటో నుంచి బస్సులో, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని అనంతపురం తెచ్చింది. నేను బస్టాండుకు ఎదురెళ్లాను. ఇద్దరం కలిసి కంప్యూటర్ల అంగడికి పోయాం.

అంగడాయన మూత విప్పి, లోపలి దుమ్మును ఉఫ్ మని ఊది, "ప్రాసెసర్ పాయె, బోర్డూ పాయె. కొత్తవే ఎయ్యల్ల. ఏం పనికమ్మా? గేమింగా, స్ట్రీమింగా, వీడియో రెండరింగా? దాన్ని బట్టి చెప్తా" అన్నాడు. ఆ మూడు మాటలూ నేను ఆరేళ్ల కిందట ఒకసారి విన్నాను. పాత ప్రాసెసర్ నంబరు చూడాలి, దాని అట్టపెట్టె ఉందా అని ఆయన అడిగితే మరదలు గుడ్డసంచిలోంచి తీసి ఇచ్చింది. మా తమ్ముడు ఏ వస్తువు కొన్నా పెట్టె దాచేవాడు. ఆయన పెట్టె తెరిచేసరికి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి బల్ల మీద పడింది. మూడు నెలల పరీక్షల ప్రశ్నపత్రం అది. వెనకవైపు ఎర్రసిరాతో నా రాత. విప్పకుండానే తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. అందులో ఏముందో నాకు తెలుసుననే అనుకున్నాను.

నేను లెక్కల టీచర్ని. ఇంట్లో పెద్దదాన్ని. ఈ రెండూ ఒకే మనిషికి పట్టిన రోగాలైతే ఇక ఆ ఇంట్లో మిగిలినవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. తమ్ముడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. అమ్మ కళ్లాల్లో, కూలిపనుల్లో ఉంటే వాడిని చంకనేసుకొని పెంచింది నేనే. అందుకని వాడు ఏ కాలేజీలో చేరాలి, ఏ చొక్కా వేసుకోవాలి, ఏ పిల్లను చేసుకోవాలి అన్నీ నేనే చెప్పేదాన్ని. చివరిది మాత్రం వాడు వినలేదు, తానే చూసుకున్నాడు. అందులో వాడే గెలిచాడని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆరేళ్ల కిందట వేసవి సెలవుల్లో వాడు మా ఇంటికి వచ్చాడు. అరచేతిలో రెండు ప్రాసెసర్ల నంబర్లు పెన్నుతో రాసుకొచ్చాడు. పాత కంప్యూటరు పెళ్లి సీజనుకు చాలడం లేదు, కొత్తది కొనాలి, ఏది కొనాలో నన్ను చెప్పమన్నాడు. ప్రాసెసర్ అంటే ఏమిట్రా అని అడిగితే గడప మీద కూర్చొని విడమరిచి చెప్పాడు. మా ఊళ్లో వేరుశనక్కాయల్ని బుడ్డలంటాం. వాడికి ఏది చెప్పాలన్నా బుడ్డలతోనే చెప్పడం అలవాటు.

"అక్కా, ఇది బుడ్డలు వొలిచినట్లే. ఆటకు ఒక్క మనిషి సాలు, కానీ వాని సెయ్యి గాలి మాదిరి ఆడల్ల. రెండరింగ్ అంటే, కోసి అతికించిన పెళ్లిని వీడియోగా దించేది, గుంపు పని. నిదానమైనా పర్వాలే, పదారు మంది కూకుంటే మూట అయిపోతాది."

"మరి స్ట్రీమింగు?"

"అదా? బుడ్డలు వొలుస్తానే అందరికీ కత చెప్తాండె సూడు మన అవ్వ, అది. సెయ్యీ ఆగకూడదు, నోరూ ఆగకూడదు."

వాడు తెచ్చిన రెండు నంబర్ల ధర ఇంచుమించు ఒకటే. మొదటిదాంట్లో ఎనిమిది కోర్లు, అంటే ఒలిచేవాళ్లు ఎనిమిది మంది. ఒక్కొక్కటీ మహా చురుకు. ఆట ఆడుతూ, మాట్లాడుతూ, ఆ మాటల్ని అప్పటికప్పుడు జనానికి పంపుతూ కూడా తొట్రుపడదు. పెళ్లి వీడియో మాత్రం కాస్త ఆలస్యంగా తయారవుతుంది. రెండోదాంట్లో పదహారు కోర్లు. రెండరింగ్‌లో పులి. కానీ ఒక్కొక్క కోరు మందకొడి, ఆట మధ్యలో బండి పంక్చరైనట్లు ఆగి ఆగి నడుస్తుంది. వాడి మనసు మొదటిదాని మీద ఉందని వాడు దాని పేరు ముందు చెప్పినప్పుడే నాకు అర్థమైంది. పక్కగదిలో పడుకున్న నాయన అన్నీ వింటూ ఉన్నాడు. నీళ్లు చూసేవాళ్లు టెంకాయ అరచేతిలో నిలబెట్టి చూపించిన చోటల్లా బోరు వేయించి, మూడుసార్లూ దుమ్మే చూసిన మనిషి ఆయన. "పైన సూసి లోపల ఏముండాదో చెప్పేటోడు ఇంగా పుట్టలేదు. వానికి ఏది కావల్లనో అది కొనుక్కోనీ పాపా" అన్నాడు. నేను వినలేదు.

ఆ రోజుల్లో వాడు ప్రతి సాయంత్రం స్టూడియో పని కాగానే రెండు గంటలు ఏదో తుపాకుల ఆట ఆడుతూ మైకులో మాట్లాడేవాడు. ఎంత సేపూ మా ఊరి మాటే. "ఏమప్పా, యాడికి పోతాండావు? ఆడ గోడ సాటున ఉండాడు సూడు, నీ పాసుగూల!" అని అరిచేవాడు. ఆట మధ్యలో పామిడి సంతలో ఎవరో ఎద్దును బేరమాడిన సంగతి, అవ్వ చేసిన ఊరిబిండి పచ్చడి సంగతి, ఈ ఏడూ వాన ఎట్లా మొగం చాటేసిందో ఆ సంగతి చెప్పేవాడు. వినేవాళ్లు ముప్పై నలభై మంది. ఎక్కువగా బెంగుళూరులో కట్టడం పనులకు పోయిన మా వైపు పిల్లలు. వాళ్లకు ఆట అక్కర్లేదు. "అన్నా, ఇంగొంచేపు మాట్లాడు. ఈడ మన మాట యాడా ఇనపడదు" అని రాసేవాళ్లు. అది నాకు తమ్ముడే చూపించి మురిసిపోయాడు. నేను, "ఆ మాటలేమన్నా అన్నం పెడతాయా?" అన్నాను.

"పెట్టవక్కా. ఊరికే బాగుంటాది."

ఊరికే బాగుండే వాటికి నా దగ్గర మార్కుల్లేవు. ప్రశ్నపత్రం వెనక గీతలు గీసి, ఎర్రపెన్ను తీసి, వందకు లెక్క వేశాను. రెండరింగ్ అన్నం పెట్టేది కాబట్టి డెబ్భై. మా ఎండలకూ, మోటార్లు వేయగానే పడిపోయే కరెంటుకూ తట్టుకోవడానికి ఇరవై ఐదు. స్ట్రీమింగ్‌కు ఐదు. గేమింగ్‌కు సున్నా. ఆ లెక్క ప్రకారం పదహారు కోర్లది డిస్టింక్షన్‌లో పాసైంది. వాడు కాగితం కాసేపు చూసి, "నీ సేతిలో పాస్ కావాలంటే కష్టమే అక్కా" అని నవ్వి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారంలో నేను చెప్పిందే కొన్నాడు.

ఆ ప్రాసెసర్ పని రాక్షసిలా చేసింది. ఆ మాట కాదనను. పక్కరేకు విప్పేసి, పెద్ద ఫ్యాను ఎదురుగా పెట్టి, సీజనంతా దాన్ని అలా తిప్పాడు. పని పెరిగితే ఇంకా పని వచ్చింది. స్టూడియోకు ఎప్పుడు పోయినా తెర మీద ఒక గీత, పక్కన శాతం. "ఆట ఆడటంలేదేంరా?" అంటే, "రెండర్ అవుతాండాది కదక్కా" అనేవాడు. రెండుసార్లు ప్రయత్నించాడట. ఆట తడబడి, గొంతు ముక్కలు ముక్కలై, వినేవాళ్లు విసుక్కున్నారు. ముప్పై మంది పదయ్యారు, పది మంది ఇద్దరయ్యారు. మైకును ఒక రుమాలులో చుట్టి బీరువాలో పెట్టేశాడు. బాగుపడ్డాడని నేను సంతోషించాను. ఇది రాయడానికి ఇప్పుడు నా చెయ్యి రావడం లేదు, అయినా నిజం అదే.

రెండేళ్లు గడిచాయి. కణేకల్లులో పెళ్లి షూటింగు ముగించుకొని మధ్యాహ్నం బైకు మీద వస్తున్నాడు. అక్కడ కాలువ కింద వరి పండుతుంది, వడ్లు తెచ్చి తారురోడ్డు మీద ఎండబోస్తారు. రైతు వడ్లు తొక్కకూడదని పక్కకు తప్పించబోయి జారాడు. కెమెరా సంచికి గీత కూడా పడలేదు.

దినాలైపోయాక అందరం చేసే పని నేనూ చేశాను, వాడి గొంతు కోసం వెతికాను. నా ఫోనులో మూడు వాయిస్ మెసేజీలు దొరికాయి. "అక్కా, గేటు తీయి." "వస్తాండా, వస్తాండా." "కరెంటు వచ్చినాదా?" మూడూ కలిపి పదకొండు సెకన్లు. ఆటల ప్రసారాలు ఉంటాయిలే అనుకున్నాను. ఆ సైటు పాతవాటిని కొన్నాళ్లకు తానే చెరిపేస్తుందట, కావాలనుకున్నవాళ్లే దాచుకోవాలట. వాడు అట్టపెట్టెలు దాచాడుగానీ తన మాటలు దాచుకోలేదు. పోనీ పెళ్లి వీడియోలున్నాయి కదా, కెమెరా వెనక నుంచి "అత్తా, ఇట్ల సూడు", "సారూ, రవ్వంత నవ్వు సారూ" అని గంటలకొద్దీ పలికి ఉంటాడు కదా అని హార్డ్‌డిస్కులన్నీ పెట్టి చూశాం. మా వైపు పెళ్లి వీడియోల్లో మాటలుండవు. మొదటి నుంచి చివరిదాకా పాటలే. ఎడిటింగ్‌కు కూర్చోగానే చేసే మొదటి పని గొంతులు నొక్కేయడం. పాటలు పరిచి, రెండర్ చేసి, అసలువి చెరిపేసి తరువాతి పెళ్లికి చోటు చేసుకుంటారు. వందల పెళ్లిళ్లలో తన గొంతు తానే తీసేశాడు. నేను ఏరి కొనిపించిన ప్రాసెసర్ ఆ పనిని చకచకా చేసిపెట్టింది.

వాడు పోయేనాటికి వాడి కూతురికి ఐదేళ్లు. ఇప్పుడు తొమ్మిది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా ఫోను తీసుకొని ఆ పదకొండు సెకన్లు వింటుంది. ఈ ఉగాది సెలవుల్లో విని, ఫోను నా చేతికిచ్చి, "అత్తా, గేటు తీయమనే కాకుండా నాయన ఇంగేం మాట్లాడేటోడు?" అని అడిగింది. ఎద్దు బేరం చెప్పాను, ఊరిబిండి సంగతి చెప్పాను. నేను చెబితే క్లాసులో పాఠం చెప్పినట్లుంటుంది. వాడు చెప్పినట్లు నాకు రాదు. పిల్ల మర్యాదకు కాసేపు విని ఆడుకోవడానికి పోయింది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

అంగట్లో ఆయన ఏం పనికని మళ్లీ అడిగాడు. మరదలు నా వైపు చూసి, "మనకు కూడు పెట్టేది రెండరింగే కదా వదినా. అదే చెప్పు" అంది.

"మూడూ చేసేది ఇవ్వప్పా" అన్నాను.

"స్ట్రీమింగ్ ఎవురు చేస్తారు వదినా మనింట్లో?"

"ఎవరూ చేయకపోయినా ఉండనీ."

ఆ పిల్ల బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. బస్సు ఎక్కేముందు మాత్రం ఒక మాట చెప్పింది. ఆరు నెలలుగా తను చేసే ప్రతి పెళ్లి వీడియోలో చివరి పది నిమిషాలు పాటలు తీసేసి, ఉన్న గొంతులు ఉన్నట్లే వదిలేస్తోందట. కొందరు గొణుగుతున్నారట. గొణగనీ.

మరదల్ని పంపి ఇంటికొచ్చి హ్యాండ్‌బ్యాగులోంచి ఆ కాగితం తీశాను. డెబ్భై, ఇరవై ఐదు, ఐదు, సున్నా. పేజీ అడుగున, నాకు తెలియనిది ఒకటి ఉంది. నీలిసిరా, వాడి కోడిగీతల రాత. "గౌరవనీయులైన లెక్కల టీచరుగారికి, స్ట్రీమింగ్ పేపరు రీవాల్యుయేషన్ చేయవలసిందిగా ప్రార్థన. ఇట్లు, మీ తమ్ముడు." నాకివ్వాలని రాసి, నేను తిడతాననుకున్నాడో, నవ్వుకొని ఊరుకున్నాడో, పెట్టెలో పెట్టేశాడు. ఎర్రపెన్ను కోసం ఇల్లంతా వెతికాను. ఐదు కొట్టేసి, పక్కన వంద వేశాను. మొత్తం నూట తొంభై ఐదు వచ్చింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వందకు మించి నేను వేసిన మార్కులు అవే. రీవాల్యుయేషన్‌కు గడువు ఉంటుందని, దాటితే ఎవరూ ఏమీ చేయలేరని ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేదాన్ని నేనే. వాడి అర్జీ ఆరేళ్లు ఆ పెట్టెలో నా కోసం ఆగింది, వాడికే ఆగేంత టైము లేకపోయింది.