దె. గడి

బొబ్బిలిలో వీణ నేర్చుకున్నవాళ్ళ ఎడమచేతి వేళ్ళు చూసి, లక్ష్మణమ్మ శిష్యులెవరో నేను చెప్పేస్తాను. కణుపులు బొప్పి కట్టి ఉంటాయి. అది సాధన వల్ల కాదు, పనసకర్ర వల్ల. వీణ చెక్కగా మిగిలిన కర్రముక్కతో వాళ్ళ నాన్న ఆమెను బాదేవాడు. అదే ముక్కతో ఆమె మమ్మల్ని బాదింది. పదేళ్ళప్పుడు నా చూపుడువేలి గోరు ఊడి తీగల మీద నెత్తురు పడితే, "తుడిసి వాయించు" అంది. ఆ రోజుతో నేను వీణ మానేశాను. కోపం మాత్రం మానలేదు.

2014లో నేను పనిచేసే డీటీపీ షాపుకి ఆమే వచ్చింది. చేతిలో, పిల్లకో పేజీ చొప్పున పాఠాలు రాసుకునే పాత పుస్తకం.

"అనితా, ఇలాటి పేజీలతో కొత్త పుస్తకాలు కావాలే. పైన సరళీ వరుస, కింద కాళీ గళ్ళు. సుక్కలు మాత్రం పోకూడదు."

స్వరం కింద చుక్క ఉంటే మంద్రం, పైన ఉంటే తారం. చుక్క తప్పినందుకే మా వేళ్ళు చితికేవి.

మొదట ఉత్తరాలు కొట్టే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. చుక్కలు పక్క అక్షరం మీదికి పోయాయి. శుభలేఖలు చేసేదాంట్లో చుక్కలు నిలిచాయి గాని ఎనభై పేజీలూ విడివిడిగా గీయాలి. చివరికి పుస్తకాల పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ తెరిచాను. అందులో ఒక్క మూలపేజీ గీస్తే చాలు, దానిమీద ఏముంటే అదే అన్ని పేజీల్లోకీ వస్తుంది.

పాత పుస్తకం చూసి గీస్తుంటే అంచున సన్నటి గడి కనిపించింది. పైన "దె." అని ఉంది.

"తాళం దెబ్బలమ్మా, సంగీతం కదేటి! గీసీ" అన్నాడు మా ఓనరు యుగంధర్.

నా పేజీ తిప్పాను. ఆ గడిలో చివరి అంకె పదకొండు. పక్కన గోధుమరంగు మరక. అవి తాళం దెబ్బలు కావు, ఆ రోజు నా వేళ్ళ మీద పడ్డవి. ఒళ్ళు మండిపోయింది. మూలపేజీలోంచి ఆ గడి చెరిపేశాను.

మర్నాడు లక్ష్మణమ్మ తెర మీదికి వంగి చూసింది. "దె. గడి ఏదే?"

"పెట్టనండి."

"మా నాయన గీసిన గడి అది. పెట్టు!"

"పెడితే ఎనభై పేజీల్లోనూ వస్తాది. నేను పెట్టను."

బల్ల మీది స్టీలు స్కేలు ఎప్పుడు తీసిందో తెలీదు. అంచు వచ్చి నా కణుపుల మీద పడింది. చర్మం చీలి కీబోర్డు మీద నెత్తురు చిమ్మింది. యుగంధర్ కేకేస్తూ లేచాడు. నేను చెయ్యి తీయలేదు. రెండో చేత్తో పాత పుస్తకం లాక్కుని, నా పేజీలో పదకొండు కింద పెన్సిలుతో "1" వేసి ఆమె ముందుకి తోశాను.

"ఈ రోజుది ఎక్కించానండి."

ఆమె ఆ రెండు అంకెల్నీ చూసింది. తర్వాత స్కేలు పట్టుకున్న తన చేతిని చూసుకుంది. దాని చిటికెనవేలు చిన్నప్పుడే విరిగి వంకరగా అతుక్కుంది. స్కేలు బల్ల మీద పెట్టింది.

"అలాగే అచ్చెయ్యి. గడి వొద్దు" అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "సుక్కలు మాత్రం సూసుకో."