రెండు వేళ్ల బ్రేకు

మనుమరాలు సింధుజ కొండదారుల సైకిల్ పందేనికి ఎంపికైనప్పుడు, తగిన సైకిల్ కొనడానికి ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వెళ్లాము. ఆమె మనసుపడిన డిస్క్ బ్రేకుల సైకిల్‌కు మడ్‌గార్డు, క్యారియరు, స్టాండు ఏవీ లేవు. నిరాభరణమైన ఆ వాహనం నాకు రుచించలేదు.

"నేను తొక్కి సూడంది కొనేది లేదు బిడ్డా" అన్నాను.

"పంతులు సారూ, గిది మీ పాత సైకిల్ లెక్క కాదు. బ్రేకు రెండు వేళ్లతోని ఒత్తుండ్రి" అని దుకాణదారు హెచ్చరించాడు.

ముప్పది యేండ్లు సైకిల్‌పైనే బడికి వెళ్లినవాడికి పాఠమా అనుకొని, ధోవతి ఎగగట్టి బయలుదేరాను. మలుపులో గేదె అడ్డువచ్చింది. పాత అలవాటుకొద్దీ పిడికిళ్లు బిగించి బ్రేకులు నొక్కాను. సైకిల్ శిలవలె నిలిచింది. నేను మాత్రం ముందుకు సాగి, పక్కనున్న మెంతికూర కుప్పపై సాష్టాంగపడ్డాను.

"కూర గావాలంటే నోటితోని అడగరాదా సారూ" అన్నది అమ్ముతున్న అవ్వ.

సింధుజ కన్నీళ్లతో పరుగెత్తుకొచ్చింది. "తాతా, దెబ్బ తాకిందా? గీ సైకిల్ వద్దు తియ్యి."

"గిదే కొందాం బిడ్డా. గుట్ట దిగేటప్పుడు నిన్ను ఆపేది గిదే."

జీవితమంతా ఇతరులకు పరీక్షలు పెట్టిన నేను ఆనాడు తప్పాను. బ్రేకులకు మాత్రం నూటికి నూరు వేశాను. నలిగిన మెంతికూర కట్టలన్నీ మా ఇంటికే వచ్చాయి.