బ్రేకు తొక్కిన కాలు

రోజంతా కొట్లో కూర్చుని "కొన్న ధరకే ఇస్తున్నానండి" అని ఒట్లు పెట్టే నోరు ఇది. అందుకని దీని మీద ఒట్టు వెయ్యను. జరిగింది మాత్రం చెబుతాను. కావాలంటే మా ఆవిడ సత్యవేణిని అడగండి. ఆవిడ నా కోసం ఒక్క అబద్ధమూ చెప్పదు... కొట్లో నా బాధ అదే.

కొవ్వూరులో మాది పూలకుండీల కొట్టు. మొన్న వానాకాలంలో కడియం నర్సరీలకు కుండీలు ఇచ్చి కారులో తిరిగి వస్తున్నాం. అప్పటికే నా కుడి పిరుదులో పోటు. ఎక్కువసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కేది. డ్రైవర్ని పెట్టుకోమంది సత్యవేణి. అతను అడిగినదాంట్లో సగానికి బేరమాడాను. రాలేదు. నేనే నడిపాను.

చీకటి పడింది. కాలవగట్టు రోడ్డు. సన్నని వాన. వైపర్లు... కిర్రు... కిర్రు... సత్యవేణి అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది.

పిరుదులో ఏదో మెలిపెట్టినట్టయింది. అంతే. మోకాలి కింద కాలు లేదు. కంటికి కనిపిస్తోంది... నాకు లేదు. పాదం యాక్సిలరేటర్ మీద బరువుగా పడి ఉంది. ఎత్తబోయాను. కదల్లేదు. బండి వేగం పెరుగుతోంది. పక్కన కాలవ నిండుగా ఉంది. సత్యవేణికి ఈత రాదు.

చేతి బ్రేకు గుర్తుకే రాలేదు. దేవుడికి మొక్కుకుందామనుకున్నాను. ఎంత మొక్కాలో ఇంకా తేలలేదు... అప్పుడు...

కాలు లేచింది.

నేను ఎత్తలేదు. నెమ్మదిగా... పక్కకి జరిగింది. ఎవరో చీలమండ పట్టుకుని పెట్టినట్టు బ్రేకు మీద ఆనింది. తొక్కింది.

టైర్లు కీచుమన్నాయి. ఇంజను ఆగిపోయింది. తర్వాత... సర్ర్... సర్ర్... ముందు అద్దానికి ఆకులు రాసుకుంటున్నాయి.

గట్టు మీది పొద అనుకున్నాను. పొద కాదు. రోడ్డు మీద ఆగి ఉన్న మొక్కల లారీ. వేలాడే కొమ్మలు దాని వెనక దీపాల్ని కప్పేశాయి.

"ఏంటండీ... ఏమైంది?"

"కాలు తియ్యి."

"ఎవరి కాలు?"

"నాదే. బ్రేకు మీంచి రావడం లేదు."

సత్యవేణి వంగి రెండు చేతులతో లాగింది. "బండలా ఉందేంటండీ... ఇంత చల్లగా ఉందేంటి?"

కాసేపటికి దానంతటదే సడలింది.

రాజమండ్రి డాక్టరుగారు స్కానింగ్ తీయించారు. "గోదావరి గౌతమి, వసిష్ఠ అయినట్టు మీ నరం పుట్టుకతోనే పిరుదు దగ్గర రెండు పాయలైందండి. చాలామందికి నరం మొత్తం కండరం కిందనుంచి పోతుంది. మీకు ఒక పాయ కండరం మధ్యలోంచి పోతోంది. కండరం బిగిస్తే అది నలుగుతుంది. పాదాన్ని పైకి ఎత్తేది ఆ పాయే."

"మరి బ్రేకు తొక్కిందెవరండి?"

"తొక్కే పాయ వేరు. అది బానే ఉంది. భయంలో మనకి తెలియకుండానే కాలు ఆడుతుందండి."

"నా భయం కాలవ గురించండి. మరి సరిగ్గా లారీ దగ్గరే ఎలా తొక్కిందండీ? నేను లారీని చూసింది బండి ఆగాకే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చిన్న ఆపరేషన్ చేసి ఆ కండరం వదులు చేస్తే తిమ్మిరి పోతుందన్నారు.

తిమ్మిరితో పాటు ఇంకేం పోతుందండీ అని అడగబోయాను. సత్యవేణి నా చెయ్యి నొక్కింది. ఆపరేషన్‌కి మేమింకా ఏ రోజూ ఖాయం చెయ్యలేదు.

ఇప్పుడు బండి ఆవిడే నడుపుతుంది. నేను పక్కన కూర్చుంటాను. ఒక్కోసారి ఖాళీ రోడ్డు మీద... నా తిమ్మిరి కాలు లేచి, బ్రేకు లేని నా వైపు కారు అడుగు రేకుని గట్టిగా తొక్కుతుంది.

సత్యవేణి వెంటనే బ్రేకు వేస్తుంది. ఎందుకని అడగదు. ఇద్దరం చీకట్లోకి చూస్తూ కూర్చుంటాం.