నేనే ముందుగాల కొట్టిన

మావాడు ఎవరూ చెప్పకుండానే కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఏదో ప్రమాదం వచ్చిపడిందని నాకు తెలిసింది అప్పుడే. మూడో తరగతి పిల్లవాడు బడి నుంచి వచ్చి, సంచి విసిరెయ్యకుండా కొక్కేనికి తగిలించి, మోకాళ్ళ దాకా సబ్బు పెట్టి రుద్దుకుంటున్నాడంటే ఏ తల్లయినా భయపడాలి. నేను మామూలు రోజుల్లోనే భయపడతాను. వాడు తుమ్మితే జ్వరమేమోనని, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదోనని.

ముఖం ఇటు తిప్పాక ఎడమ చెంప మీద గీత కనిపించింది. కంటికి కొంచెం కింద, ఎర్రగా.

"ఏమైందిరా?"

"ఏం కాలే అమ్మా. జర మంచి చీర కట్టుకో. మనం పోవాలె."

"యాడికి?"

"నా బెంచి దోస్తు లేడా, వానింటికి. కొట్టుకున్నం. నేనే ముందుగాల కొట్టిన."

తప్పు ఒప్పుకునే గొంతు కాదది. పరుగు పందెంలో బహుమతి తెచ్చినవాడి గొంతు.

ఎక్కడికి, ఎందుకు అని నేను మళ్ళీ అడగలేదు. మా పిల్లల సర్కారు బడిలో ఈ ఏడాది కొత్త పద్ధతి వచ్చింది. పిల్లల్ని కొట్టకుండా, ఎండలో నిలబెట్టకుండా ఒకరినొకరు గౌరవించుకోవడం ఎట్లా నేర్పాలా అని పెద్ద మేడం ఆలోచించి పెట్టారు. ఇద్దరు కొట్టుకుంటే, ముందు చెయ్యెత్తినవాళ్ళు ఆ సాయంత్రమే అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని అవతలివాళ్ళ ఇంటికి పోవాలి. కూర్చోవాలి. వాళ్ళు పెట్టింది తినాలి. ఆ ఇంటి పెద్దల ముందు వాళ్ళ పిల్లవాడి గురించి ఒక మంచి మాట చెప్పాలి. మర్నాడు ప్రార్థనలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి జరిగింది అందరికీ చెప్పాలి. తల్లిదండ్రుల సమావేశంలో ఈ సంగతి విని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. నా కొడుకు ఎవరి మీదా చెయ్యెత్తడని అప్పటికి నా నమ్మకం.

ఆ తర్వాత, ఎవరి జోలికీ పోని మిఠాయి దుకాణం వాళ్ళ పిల్లవాడిని రోజుకొకరు తోయడం మొదలుపెట్టారు. పాపం, వాడికే ఎందుకు ఇట్లా అవుతోందని మేం తల్లులం గేటు దగ్గర జాలిపడ్డాం తప్ప అంతకుమించి ఆలోచించలేదు.

ఇప్పుడు నా వంతు వచ్చింది. మావాడి బెంచి దోస్తుది మసీదు వెనక గల్లీ. వాళ్ళ నాన్న కూలర్లు, మోటార్లు బాగుచేస్తాడు. వాళ్ళమ్మను రోజూ బడి గేటు దగ్గర చూస్తాను. నల్ల బురఖా, నీలం స్కూటీ. తల ఊపుకుంటాం, అంతే.

"వానికి ఎక్కడ తాకింది?" అని అడిగాను.

"పెదిమకు. జరంతనే రక్తం."

పిల్లల కొట్లాట పిల్లల కొట్లాటగానే ఉంటే ఫికర్ లేదు. కానీ ఈమధ్య ఫోన్లలో తిరిగే మాటలు నేనూ చూస్తున్నాను. మావాడు వాళ్ళవాడి మీద చెయ్యి చేసుకున్నాడని తెలిస్తే, దానికి గల్లీలో ఎవరైనా ఇంకో పేరు పెడతారేమో. రేపటి నుంచి ఆమె తల కూడా ఊపదేమో. ఇద్దరు పిల్లల్నీ వేరే వేరే బెంచీలకు పంపుతారేమో.

మా ఆయన ఇంటి పక్క రేకుల షెడ్డులో బట్ట నేసే సాంచాల దగ్గర ఉన్నాడు. వెళ్ళి చెప్పాను.

"పిల్లలు కొట్టుకోక పూజలు చేసుకుంటరా? పోయి రా," అని చప్పుడులో అరిచాడు.

"నువ్వు సుత రా" అన్నాను. అది మాత్రం ఆ చప్పుడులో ఆయనకు వినిపించలేదు.

డబ్బా నిండా తీపి గరిజెలు పెట్టుకుని, మావాడినీ, ఒకటో తరగతి చదివే మా పాపనూ తీసుకుని బయల్దేరాను. దారి పొడుగునా చెప్పబోయే మాటలు లోలోపల చెప్పుకుంటున్నాను. మావాడేమో ముందు పరుగెత్తి, ఆగి, "జల్ది రా అమ్మా, చీకటైతే అది పండుకుంటది" అన్నాడు. ఏది పడుకుంటుందో అడిగే స్థితిలో నేను లేను.

పెద్ద రోడ్డు మలుపులో నీలం స్కూటీ ఎదురొచ్చి ఆగింది. వెనక ఆ పిల్లవాడు, పెదవి ఉబ్బి ఉంది. ముందు హుక్కుకు స్టీలు డబ్బా వేలాడుతోంది.

"మీ ఇంటికే వస్తున్న అక్కా," అన్నది ఆమె.

"మేము మీ ఇంటికే వస్తున్నం ఆపా. మావాడే ముందుగాల కొట్టిండట. ఏమనుకోకురి."

"నై అక్కా. కొట్టింది మావాడట. ఇంటికొచ్చిన సంది నా జాన్ తింటున్నడు, పోదాం పోదాం అని."

"నేనే ముందుగాల కొట్టిన," అన్నాడు మావాడు.

"నువ్వెక్కడ కొట్టినవ్? నేను తోసినంకనే కద," అన్నాడు వాళ్ళవాడు స్కూటీ దిగుతూ.

"తోసుడు కొట్టుడు కాదు."

"మేడం చెయ్యెత్తుడు అన్నది. తోసుడంటే చెయ్యెత్తుడే."

నా బిడ్డ ఏ పాపం ఎరగడు అని వాదించే తల్లుల్ని చూశాను. ఆ పాపం నాదంటే నాదని కొట్లాడే పిల్లల్ని చూడటం ఇదే మొదటిసారి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నిజం చెప్పురి," అన్నాను.

చెప్పింది మా పాప. "బడిల బోరింగ్ కాడ మాట్లాడుకున్నరు అమ్మా. వీళ్ళింట్ల టర్కీ కోడి ఉన్నదట, ఈల వేస్తే మళ్ళ ఈల వేస్తదట. అది అన్నకు చూడాలె. గీ అన్నకు మన సాంచె చూడాలె."

"మరి రక్తం?" అన్నది ఆమె.

"మెల్లగనే కొట్టుకుందాం అనుకున్నం అమ్మీ. గోడ అడ్డమొచ్చింది."

"ఈ గీకుడు?" అన్నాను మావాడి చెంప చూపించి.

"నేనే గీకుమన్న," అన్నాడు మావాడు. "దెబ్బ లేకుంటే మేడం నమ్మది."

ఆమె నవ్వు ఆపుకోవడానికి స్కార్ఫు కొస నోటికి అడ్డం పెట్టుకున్నది. "రెండేండ్ల సంది ఒక్క బెంచి మీద కూసుంటున్రు కదరా పాగల్‌గాళ్ళు. ఇంటికి రావాలంటే కొట్టుకోవాల్నా?"

"మరి ఎవలు రమ్మన్నరు?" అన్నాడు వాళ్ళవాడు.

వాడు ఎవరినీ తప్పుపట్టలేదు. తెలియక అడిగాడంతే. ఆమె నా వైపు చూసింది, నేను గరిజెల డబ్బా వైపు చూసుకున్నాను.

ఇక ముందు ఎవరింటికి పోవాలన్న దాని మీద మేం తల్లులం రోడ్డు మీదే ఇంకో కొట్లాట పెట్టుకున్నాం. వాళ్ళిల్లు దగ్గరని ఆమె గెలిచింది. టర్కీ కోడి ఈల వెయ్యలేదు కానీ మావాడిని వాకిలంతా తరిమింది. వాడికి అంత సంతోషం పుట్టినరోజున కూడా చూడలేదు. ఆ తర్వాత అందరం మా ఇంటికి వచ్చాం. సాంచె ఎదురుగా నిలబడి వాళ్ళవాడు రెండు చెవులూ మూసుకుని, కళ్ళు మాత్రం రెప్ప వెయ్యకుండా పెట్టాడు. మంచి మాట చెప్పమంటే మావాడి గురించి, "నాకు రక్తం వస్తే వీడు ఏడ్చిండు, నేను ఏడ్వలే" అన్నాడు. అందులో మంచి ఎవరి గురించో మా ఆయనకు అర్థం కాలేదు.

అంతా అయ్యాక మావాడికి ప్రార్థన గుర్తొచ్చింది. "అమ్మా, బోరింగ్ కాడి ముచ్చట చెప్పద్దు. చెప్తే మేడం బంద్ చేస్తది. ఇగ ఎవ్వరు ఎవ్వరింటికి పోరు."

"గది మాత్రం నిజమే," అన్నది ఆమె, స్కూటీ తాళం తిప్పుతూ. "నువ్వే చెప్పు అక్కా. డిగ్రీ చదివినదానివి."

డిగ్రీలో ఈ పాఠం లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్తే మేడం అంత మనసుపెట్టి చేసిన పని మావాడి మూలంగా ఆగిపోతుంది, మిఠాయిల కోసం అందరూ తోస్తున్న ఆ దుకాణం పిల్లవాడు ఊపిరి పీల్చుకుంటాడేమో కానీ. చెప్పకపోతే, గౌరవం నేర్పే ప్రార్థనలోనే నా కొడుకు అందరి ముందు అబద్ధం చెప్తాడు. పైగా మళ్ళీ టర్కీ కోడి గుర్తొచ్చిన రోజున ఇంకో గోడ అడ్డమొస్తుంది. ఈసారి పెదవితో పోతుందో, పన్నే పోతుందో.

పొద్దున జడ వేయించుకుంటూ మా పాప మెల్లగా అడిగింది. "అమ్మా, మా తరగతిల ఒక పిల్లకు మేకపిల్ల ఉన్నది. నేను దాన్ని జరంత గిల్లాల్నా?"

నేను దువ్వెన పక్కన పెట్టి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నువ్వు ఎవ్వర్ని గిల్లకు. నీ మేకపిల్లను చూపిస్తవా అని అడుగు, మా ఇంటికి సుత రా అను. ఇయ్యాల రాకుంటే రేపు మళ్ళ అను. నువ్వేమో ప్రార్థనల ఉన్నది ఉన్నట్టు చెప్పురా, గోడ సంగతి సుత చెప్పు. మేడం బంద్ చేస్తే చెయ్యనీ. ఐతారం నీ దోస్తు వాళ్ళు మనింటికి అన్నానికి వస్తున్రు. నేనే ఫోన్ చేసి రమ్మన్న."