పలకలో ఆఖరంకె

కార్ఖానాలో ఆవిడను అందరూ కొలతలక్క అనేవారు. లిఫ్టు తాళ్లను పట్టి ఉంచే చదరపు ఇనుప పలకలు ఆవిడ బల్ల మీదికి వచ్చేవి. అంచులు కొలిచి, ఈ మూల నుంచి ఎదురు మూలకు కొలిచి, సరిపోతే పచ్చసిరా ముద్ర వేసేది. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ముద్ర పడిన పలక ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఒక ఆదివారం, ఆవిడ అక్క కూతురు, కాలేజీలో లెక్కలు చెప్పే అమ్మాయి, ఇంటికొచ్చి మాటల్లో అడిగింది.

"అంచు వంద మిల్లీమీటర్లయితే, మూల నుంచి మూలకు ఎంత రాస్తావు పిన్నీ?"

"నూట నలభై ఒకటి పాయింటు నాలుగు రెండు. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"ఆ తర్వాత ఒకటి, మూడు, అయిదు, ఆరు... అలా పోతూనే ఉంటుంది. ఆఖరంకె లేదు."

"లేకపోవడమేమిటే? పలకకు మూల ఉందిగా, అక్కడ ఆగి చావదూ?"

ఆ అమ్మాయి నవ్వలేదు. "కాగితం మీది లెక్కకైతే ఆఖరు లేదు. ఇనుములో ఉందో లేదో ఎవరికీ తెలీదు. అణువుల దాకా వెళ్తే అసలు అంచంటూ ఎక్కడుందో చెప్పలేం పిన్నీ."

ఆ మాట ఆవిడకు ముల్లులా దిగింది. సోమవారం ఒకే పలకను అయిదుసార్లు కొలిచింది. చివరి అంకె రెండుసార్లు మారింది. చేతి వేడికి ఇనుము కాస్త సాగుతుందని ఆవిడకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా, తాను రాయకుండా వదిలేసిన అంకెల మీద ఎక్కడెక్కడో మనుషులతో సహా లిఫ్టులు వేలాడుతున్నట్టనిపించింది. అయిదో అంతస్తులోని ఇంటికి మెట్లెక్కి వెళ్లసాగింది.

"మోకాళ్ల మీద పగబట్టావా ఏంటి?" అన్నాడు భర్త.

బల్ల మీద పలకలు గుట్టపడ్డాయి. "అక్కా, వీటిని కొలుస్తున్నావా, పెంచుతున్నావా?" అని ఫోర్‌మన్ విసుక్కున్నాడు. గురువారం, ఇరవై నిమిషాలు కుస్తీపట్టాక, ఒక పలక పాయింటు తర్వాత మూడో అంకె దాకా సరిపోయింది. ముద్ర వేసి, ఆ వారంలో మొదటిసారి ఊపిరి పీల్చుకుంది.

పావుగంట కాకుండానే ప్యాకింగ్ చేసే ఆమె దాన్ని పట్టుకొచ్చింది.

"వెంట్రుకేమో అనుకుని తుడిచాను అక్కా. పోవట్లేదు."

తాడు దూరే రంధ్రం పక్కన పగులు. కళ్లున్న ఎవరికైనా కనబడేదే.

ఆవిడ ఆ పలక పట్టుకుని తానే ఫోర్‌మన్ దగ్గరికెళ్లి, ఆ వారం ముద్ర వేసినవన్నీ తిరిగి చూడాలని చెప్పింది. అదృష్టం, ఏ పెట్టే ఇంకా బయటికి పోలేదు. అరవై రెండు పలకలనూ భూతద్దంతో వెతికారు. మరో పగులు దొరకలేదు.

ఇంటికెళ్లగానే అక్క కూతురికి ఫోన్ చేసింది. "ఆ ఆఖరంకె ఉందో లేదో తేలినప్పుడు చెప్పు. అందాకా నా దగ్గర ఆ ఊసెత్తకే తల్లీ."

ఆనాటి నుంచి పలక రాగానే ముందు వెలుతురులో తిప్పి చూస్తుంది, గోటితో తడుముతుంది, ఆ తర్వాతే కొలుస్తుంది. పాయింటు తర్వాత రెండో అంకె దగ్గర ఆపేస్తుంది. ఇంటికి మాత్రం ఇప్పటికీ మెట్లెక్కే వెళ్తుంది.